నెట్ పోయిందా? బాక్సు ఆపి ఆన్ చేసే ముందు ఈ వరసలో చూడండి

చిన్న ఆఫీసుల్లో, ఇళ్ళల్లో నెట్‌వర్క్‌లు చూసుకోవడం నా పని. "నెట్ రావట్లేదండీ" అనే మాట రోజూ వింటాను. ఆ ఒక్క మాట వెనక ఏడెనిమిది రకాల కారణాలు ఉంటాయి. వీధిలో ఫైబర్ తెగి ఉండొచ్చు, పై అంతస్తులో ఎవరో పాత రౌటర్ తగిలించి ఉండొచ్చు, ఫోన్‌లో ఒక సెట్టింగ్ మారి ఉండొచ్చు, బిల్లు గడువు దాటి ఉండొచ్చు. కారణం ఏదైనా మనం చేసే పని ఒకటే: స్విచ్చి ఆపి ఆన్ చేస్తాం. కొన్నిసార్లు వచ్చేస్తుంది. ఎందుకు పోయిందో తెలియదు, ఎందుకు వచ్చిందో తెలియదు. అందుకే రెండు రోజులకు మళ్ళీ పోతుంది.

మీ కంప్యూటర్ నుంచి బయటికి వెళ్ళే దారిలో నాలుగు మజిలీలు ఉన్నాయి: మీ ఇంటి రౌటర్, నెట్ ఇచ్చేవాళ్ళ మొదటి యంత్రం, బయటి ఇంటర్నెట్, ఆ తర్వాత పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్. ఒక్కో మజిలీ దగ్గర ఆగి "ఇక్కడిదాకా వస్తున్నానా?" అని అడుగుతూ పోతే, ఎక్కడ ఆగిందో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉందనుకుని రాస్తున్నాను. బాక్సు అంటే ఆ ఫైబర్ తీగ వచ్చి కలిసే పెట్టె, చాలా ఇళ్ళల్లో రౌటర్ కూడా అదే. వచ్చిపోతూ సతాయించే నెట్‌ను పట్టుకోవడానికి పాత ల్యాప్‌టాప్‌ను కాపలా పెట్టే పద్ధతి చివర్లో ఉంది. ఆ పని చేస్తే మిగతావన్నీ సులువవుతాయి.

ముందు లైట్లు చూడండి

స్విచ్చి మీద అప్పుడే చెయ్యి వేయకండి. ఆపి ఆన్ చేశారంటే లైట్ల తీరు మారిపోతుంది, చాలా బాక్సుల్లో లోపలి లాగ్ (ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టా) కూడా చెరిగిపోతుంది. ముందు ఫోన్ తీసి బాక్సు ముందు భాగం ఫొటో తీసుకోండి. తర్వాత ఎవరికి చెప్పాలన్నా ఆ ఫొటో పనికొస్తుంది.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. బాక్సు వెనక సూది పట్టేంత చిన్న రంధ్రం ఉంటుంది, పక్కనే రీసెట్ అని రాసి ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు. రీసెట్ నొక్కితే కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (నెట్ ఇచ్చేవాళ్ళు బాక్సులో పెట్టే గుర్తు అంకె), వైఫై పేరు అన్నీ పోయి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి వెళ్తుంది. ఐదు నిమిషాల్లో తేలే సమస్య, టెక్నీషియన్ వచ్చేదాకా ఆగాల్సిన సమస్య అవుతుంది.

ఇప్పుడు లైట్లు. పేర్లు కంపెనీని బట్టి కొంచెం మారినా పాన్, లాస్ అనే రెండు దాదాపు అన్ని ఫైబర్ బాక్సుల మీదా ఉంటాయి.

లాస్ ఎర్రగా కొట్టుకుంటోందంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదు. ఇక వైఫై పాస్‌వర్డ్ మార్చినా, ఫోన్ రీస్టార్ట్ చేసినా లాభం లేదు. పాన్ ఆకుపచ్చగా స్థిరంగా ఉంటే బాక్సుకీ అవతలి యంత్రానికీ మాట కలిసింది. పాన్ కొట్టుకుంటూ ఉంటే పరిచయం చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది, ఇంకా కుదరలేదు. పాన్ బాగానే ఉండి ఇంటర్నెట్ లైటు మాత్రం వెలగకపోతే తీగ తప్పు కాదు, లాగిన్ తప్పు. ప్లాన్ గడువు చూడండి. గడువు ఉన్నా లాగిన్ కాకపోతే అది అవతలివాళ్ళు సరిచేయాల్సిన పని.

లాస్ ఎర్రగా ఉంటే మీరు చేయగలిగింది కొంత ఉంది. బాక్సులోకి దూరే సన్నటి తీగ, ఎక్కువగా పసుపు లేదా తెలుపు రంగులో ఉంటుంది. అది గోడ మూల దగ్గర మడత పడిందేమో, బీరువా వెనక నలిగిందేమో, తలుపు సందులో చిక్కిందేమో చూడండి. లోపల ఉన్నది గాజు. రాగి తీగలా ఎలా పడితే అలా వంచితే వెలుతురు ఆ మలుపులోనే బయటికి కారిపోతుంది. తీగ చుట్ట చుట్టాల్సి వస్తే కాఫీ కప్పు చుట్టుకొలత కన్నా చిన్నది కాకుండా చుట్టండి. మేకు కొట్టకండి, ట్యాగ్‌తో బిగించి కట్టకండి.

తీగ కొసన చిన్న చతురస్రపు కనెక్టర్ ఉంటుంది. ఆకుపచ్చదైతే దాని ముఖం 8 డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలందైతే ఏటవాలు ఉండదు. పచ్చదాన్ని నీలం రంధ్రంలో పెడితే దూరుతుంది, కానీ రెండు ముఖాలూ సరిగా ఆనవు, వెలుతురు చాలావరకు పోతుంది. ఇల్లు సర్దేటప్పుడు వేరే తీగ మార్చిన వాళ్ళ ఇళ్ళల్లో ఇది చూశాను. కనెక్టర్ బయటికి వచ్చినట్టుంటే నెమ్మదిగా లోపలికి నొక్కండి, టక్‌మని చప్పుడు వస్తుంది. కొసను వేలితో ముట్టుకోకండి, చొక్కా అంచుతో తుడవకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, కొసను కంటికి ఎదురుగా పెట్టి "వెలుతురు వస్తుందా" అని చూడకండి. అందులో వచ్చేది 1490 నానోమీటర్ల లేజర్. కంటికి కనబడదు, కానీ కన్నుకు మంచిది కాదు. పిల్లలకు కూడా ఈ మాట చెప్పి ఉంచండి.

వెలుతురు ఎంత వస్తోందో కొలిచి చెప్పే అంకె మీ బాక్సు లోపలే ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి, బాక్సు కింద స్టిక్కర్ మీద ఉన్న లాగిన్‌తో లోపలికి వెళ్ళి, స్టేటస్ పేజీలో ఆప్టికల్ లేదా ఆర్ఎక్స్ పవర్ అనే లైను వెతకండి. అంకె మైనస్‌లో ఉంటుంది, డీబీఎం అనే కొలతలో. మామూలు ఇంటి కనెక్షన్‌లో మైనస్ 15కూ మైనస్ 25కూ మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోతే బాక్సు చదవలేదు. ఈ కొలతలో 3 తగ్గిందంటే వెలుతురు సగమైనట్టు. పోయిన నెల మైనస్ 19 ఉండి ఇవాళ మైనస్ 25 ఉందంటే, నెట్ ఇంకా నడుస్తున్నా సరే, వెలుతురు నాలుగో వంతుకు పడిపోయింది. ఎక్కడో తీగ వంగింది, లేదా అతుకు చెడింది. నెట్ బాగున్న రోజున ఈ అంకె రాసి పెట్టుకోండి. బాగోలేని రోజున పోల్చుకోవడానికి అది ఉండాలి.

కరెంటు పోతే నెట్ పోవాలని లేదు

వీధిలో ఒక ఫైబర్‌ను 32 లేదా 64 ఇళ్ళకు పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు, అది వెలుతురును చీల్చే గాజు ముక్క అంతే. కాబట్టి అవతలి ఆఫీసులో బ్యాకప్ ఉంటే, మీ బాక్సుకు కరెంటు అందితే చాలు, వీధంతా చీకటిగా ఉన్నా నెట్ వస్తుంది. చాలా బాక్సులు 12 వోల్టులతో నడుస్తాయి, వాటికి చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనే ముందు మీ అడాప్టర్ మీద రాసింది చదవండి: వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి. పిన్ను దూరింది కదా అని 9 వోల్టుల బాక్సుకు 12 వోల్టులు పెట్టకండి.

మొదటి మజిలీ: మీ ఇంటి రౌటర్

ఇక్కడి నుంచి ఒక కంప్యూటర్ ఉంటే పని సులువు. విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లో.

మొదట ఐపీకాన్ఫిగ్ కొట్టండి. అందులో రెండు అంకెలు కావాలి: మీ కంప్యూటర్ చిరునామా, డిఫాల్ట్ గేట్‌వే. గేట్‌వే అంటే మీ రౌటరే. చిరునామా 192.168తో మొదలైతే మంచిదే. 169.254తో మొదలైతే, "నాకో చిరునామా ఇవ్వండి" అని కంప్యూటర్ అడిగింది, ఎవరూ జవాబివ్వలేదు, తనకు తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. కేబుల్, వైఫై లేదా రౌటర్‌లోని డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే ఏర్పాటు), ఈ మూడింటిలో ఒకటి పనిచేయట్లేదు.

చిరునామా బాగుంటే గేట్‌వేను పింగ్ చేయండి: పింగ్, ఖాళీ, ఆ తర్వాత గేట్‌వే అంకెలు. పింగ్ అనేది 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ రాసిన చిన్న ప్రోగ్రామ్. నీటి అడుగున సోనార్ చేసే చప్పుడు పేరు దానికి పెట్టాడు. నలభై ఏళ్ళు దాటినా నేను రోజూ మొదట తీసే పనిముట్టు అదే. అది చేసే పని, ఒక చిన్న పొట్లం పంపి అది తిరిగి రావడానికి ఎంత సేపు పట్టిందో చెప్పడం.

కేబుల్‌తో ఉన్నప్పుడు రౌటర్ నుంచి జవాబు 1 మిల్లీసెకన్ లోపు రావాలి. వైఫైలో రెండు నుంచి పది దాకా మామూలే. అదే వైఫైలో ఒకసారి 4, ఒకసారి 180, ఒకసారి జవాబే లేదు అన్నట్టు ఊగుతుంటే, మీ సమస్య నెట్ కాదు, వైఫై. ఈ తేడా తెలియక ప్లాన్ మార్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. 100 ఎంబీపీఎస్ నుంచి 300కు పెంచుకున్నా బెడ్‌రూమ్‌లో వీడియో ఆగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆగేది గోడ దగ్గర. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ అపార్ట్‌మెంట్‌లో చుట్టుపక్కల అందరి రౌటర్లూ అక్కడే అరుస్తుంటాయి. అందులో ఛానెల్ 1, 6, 11లో తక్కువ రద్దీ ఉన్నది ఎంచుకోండి. 3, 4 లాంటివి పెడితే రెండు వైపుల వాళ్ళతోనూ గొడవే.

కేబుల్ గురించి ఒక గుర్తు. మీ ప్లాన్ 200 లేదా 300 ఉండి, స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94 దగ్గరే ఆగిపోతోందా? దాదాపు ఖాయంగా ఎక్కడో లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయింది. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు. 1000 ఎంబీపీఎస్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలు. ఎలుక ఒక తీగ కొరికినా, క్లిప్పులో ఒక తీగ సరిగా దిగకపోయినా లింకు తెగదు, మాట్లాడకుండా 100కు దిగిపోతుంది. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో స్పీడ్ అనే లైను చూడండి. కేబుల్ మార్చి మళ్ళీ చూడండి. బాక్సు పోర్టే 100దైతే మాత్రం కేబుల్ మార్చినా మారదు.

రెండో రౌటర్ ఉన్న ఇల్లు

దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే నాకు వచ్చే ఫోన్లలో ఇది తరచూ తగులుతుంది. కింద ఫైబర్ బాక్సు ఉంది, పైకి సిగ్నల్ అందట్లేదు, అటక మీద పాత రౌటర్ ఉంది. కింది నుంచి కేబుల్ లాగి దాన్ని తగిలిస్తారు. ఆ రోజు పనిచేస్తుంది. మర్నాటి నుంచి ఇంట్లో సగం ఫోన్లకు నెట్ వస్తుంది, సగానికి రాదు. ఏ ఫోన్‌కు వస్తుందో కూడా రోజురోజుకూ మారుతుంది.

జరిగేదేమిటంటే, ఇంట్లో ఇప్పుడు చిరునామాలు పంచేవాళ్ళు ఇద్దరయ్యారు. ఎవరు ముందు జవాబిస్తే ఫోన్ వాళ్ళ మాట వింటుంది. కింది బాక్సు మాట విన్నదానికి నెట్ వస్తుంది. పై రౌటర్ మాట విన్నది అదే గేట్‌వే అనుకుని దాని దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే దానికి బయటికి దారి లేదు. పైగా రెండింటి చిరునామా 192.168.1.1 అయితే ఒకే డోర్ నంబరుతో రెండు ఇళ్ళున్నట్టే.

సరిచేయడం ఇలా. పై రౌటర్ నుంచి కింది కేబుల్ తీసేయండి. ల్యాప్‌టాప్‌ను దానికి ఒక్కదానికే కలపండి. దాని సెట్టింగుల్లోకి వెళ్ళి లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) చిరునామాను 192.168.1.2గా మార్చండి (మీ కింది బాక్సు చిరునామా వేరే వరసలో ఉంటే ఆ వరసలోనే, చివరి అంకె మాత్రం వేరుగా). కింది బాక్సు పంచే చిరునామాల్లో ఈ అంకె లేకుండా చూసుకోండి. సేవ్ చేశాక కొత్త చిరునామాతో మళ్ళీ లోపలికి వెళ్ళి డీహెచ్‌సీపీ సర్వర్‌ను ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కింది బాక్సులో ఉన్నవే పెడితే ఫోన్లు మెట్లెక్కేటప్పుడు వాటంతట అవే మారతాయి. ఇప్పుడు కింది బాక్సు లాన్ పోర్టు నుంచి వచ్చే కేబుల్‌ను పై రౌటర్ లాన్ పోర్టులోనే పెట్టండి, వాన్ (బయటి కనెక్షన్) అని రాసి ఉన్న వేరే రంగు పోర్టులో కాదు. యాక్సెస్ పాయింట్ మోడ్ అనే ఐచ్ఛికం ఉన్న రౌటర్ అయితే అది ఎంచుకుంటే ఈ పని చాలావరకు అదే చేసుకుంటుంది.

గడప దాటాక

రౌటర్ జవాబిస్తోంది. ఇప్పుడు 1.1.1.1నో 8.8.8.8నో పింగ్ చేయండి. ఇవి బయట అందరికీ తెరిచి ఉండే డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలు. జవాబు వస్తే ఇంటర్నెట్ ఉంది, పేర్ల దగ్గరే ఏదో తేడా. దాన్ని తర్వాత చూద్దాం. జవాబు రాకపోతే ఎక్కడ ఆగిందో ట్రేసర్ట్ చెబుతుంది. ట్రేసర్ట్ (ట్రేస్ అనే మాట, వెంటనే ఆర్, టీ), ఖాళీ, హైఫన్ డీ, ఖాళీ, 1.1.1.1. లినక్స్‌లో దీని పేరు ట్రేస్‌రూట్. దారిలో ఉన్న ఒక్కో యంత్రం ఒక్కో వరసలో వస్తుంది. మొదటి వరస మీ రౌటర్. రెండోది చాలావరకు నెట్ ఇచ్చేవాళ్ళది. ఆ రెండో అంకెను రాసి పెట్టుకోండి, కాపలా ల్యాప్‌టాప్‌కు కావాలి.

ఈ జాబితా చూసి చాలామంది కంగారు పడతారు. మధ్యలో నాలుగో వరసలో నక్షత్రాలు, "ఇదిగో ఇక్కడే పోయింది" అంటారు. కాదు. చాలా రౌటర్లు తమ గుండా వెళ్ళే ట్రాఫిక్‌ను దాటిస్తాయి కానీ తమకు వచ్చిన ప్రశ్నలకు జవాబివ్వవు, లేదా తీరిక ఉన్నప్పుడే ఇస్తాయి. నాలుగో వరసలో నక్షత్రాలున్నా ఐదు, ఆరు వరసలు బాగా వస్తే నాలుగోది పనిచేస్తున్నట్టే. మధ్యలో ఒక వరసలో 200 మిల్లీసెకన్లు కనబడి తర్వాతి వరస మళ్ళీ 20కి వచ్చినా అంతే. ఆలస్యమైనా, నష్టమైనా ఒక వరసలో మొదలై చివరిదాకా కొనసాగితేనే లెక్కలోకి తీసుకోండి.

రెండో వరసలో 10తో మొదలయ్యే అంకెలు, లేదా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలు కనబడితే బెంగపడకండి. బయటి చిరునామాలు చాలక, నెట్ ఇచ్చేవాళ్ళు చాలా ఇళ్ళను ఒకే చిరునామా వెనక ఉంచుతారు. 100.64 వరసను 2012లో దీనికోసమే కేటాయించారు. నెట్ వాడుకోవడానికి అడ్డు లేదు. ఇంట్లో కెమెరానో, సర్వర్‌నో బయటి నుంచి చూడాలనుకుంటే మాత్రం పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని ఇంట్లో ఒక యంత్రానికి దాటించే రౌటర్ సెట్టింగ్) ఎన్నిసార్లు పెట్టినా పనిచేయదు, ఎందుకంటే ఆ తలుపు మీ చేతిలో లేదు.

అంకెకు వెళ్తోంది, పేరుకు వెళ్ళట్లేదు

1.1.1.1 పింగ్ అవుతోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదు. ఎన్ఎస్‌లుకప్, ఖాళీ, ఏదైనా సైటు పేరు కొట్టండి. జవాబు రాకపోతే అదే కమాండ్ చివర ఇంకో ఖాళీ వదిలి 1.1.1.1 చేర్చి మళ్ళీ కొట్టండి. ఈసారి వస్తే, మీ రౌటర్ వాడుతున్న డీఎన్ఎస్ పనిచేయట్లేదని తేలింది. రౌటర్‌లో డీఎన్ఎస్‌గా 1.1.1.1, 8.8.8.8 పెట్టుకోండి. ఒక్కటే పెట్టకండి, రెండూ వేరువేరు సంస్థలవి కాబట్టి ఒకటి ఆగినా రెండోది ఉంటుంది.

ఇంట్లో అన్నీ పనిచేస్తూ ఒక్క ఫోన్ మాత్రం "వైఫై ఉంది, ఇంటర్నెట్ లేదు" అంటుంటే ఆ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ చూడండి. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఈ సెట్టింగ్ ఉంది. ప్రకటనలు రాకుండా ఉండాలని ఎప్పుడో ఒక పేరు పెట్టి మర్చిపోయి ఉంటారు. ఆ సర్వర్ ఆగితే ఫోన్‌కు నెట్ ఆగినట్టే. ఆటోమేటిక్ అని మార్చండి.

పాత డెస్క్‌టాప్‌లో ప్రతి సైటూ "సురక్షితం కాదు" అని ఆపేస్తుంటే గడియారం చూడండి. లోపలి బటన్ బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది, సైట్ల సర్టిఫికెట్లు ఆ తేదీకి ఇంకా పుట్టనట్టు కనబడతాయి. చిన్న బ్యాటరీ మారిస్తే సరిపోతుంది.

కొన్ని సైట్లు బాగా వస్తూ, కొన్ని సగం తెరుచుకుని ఆగిపోతుంటే పొట్లాల సైజు అనుమానించండి. లాగిన్‌తో నడిచే పీపీపీఓఈ కనెక్షన్‌లో మామూలు 1500 బైట్లలో 8 ఆ లాగిన్ పద్ధతికే పోతాయి, మిగిలేది 1492. రౌటర్ వాన్ పేజీలో ఎంటీయూ (పొట్లం గరిష్ఠ సైజు) 1500 అని ఉంటే 1492 చేసి చూడండి.

పాత ల్యాప్‌టాప్‌ను కాపలా పెట్టండి

పైన చెప్పినవన్నీ నెట్ పోయి ఉన్నప్పుడు చూడగలిగేవి. రోజుకు రెండు నిమిషాలు పోయి వచ్చేసే నెట్‌ను ఎలా పట్టుకుంటారు? మీరు చూడటం మొదలుపెట్టేలోపే వచ్చేస్తుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు అంతా బాగానే ఉంటుంది, "ఏమీ లేదండీ" అని వెళ్ళిపోతాడు. ఆయన తప్పూ లేదు.

తెనాలిలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఇదే జరిగింది. పొద్దున్నే నెట్ పోతుందని మనవరాలి ఆన్‌లైన్ క్లాసు తెగుతోంది. రౌటర్ మార్చారు, కనెక్షన్ కూడా మార్చారు. అయినా పోతోంది. నేను వెళ్ళినప్పుడు ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టి వచ్చాను. అది రౌటర్‌ను, నెట్ ఇచ్చేవాళ్ళ యంత్రాన్ని, బయటి ఇంటర్నెట్‌ను విడివిడిగా పింగ్ చేస్తూ ఒక్కోదానికి ఒక గీత గీస్తుంది: జవాబు వస్తే పచ్చ, రాకపోతే ఎరుపు. వారం తర్వాత చూస్తే సోమవారం 6:12కు మూడు గీతలూ ఎరుపు, 6:15కు మూడూ పచ్చ. మంగళవారం 6:04. బుధవారం ఏమీ లేదు. గురువారం 6:20. రౌటర్ కూడా జవాబివ్వలేదంటే ఫైబర్ తప్పు కాదు, బాక్సే ఆగిపోయి మళ్ళీ లేచింది. బాక్సు పేజీలో అప్‌టైమ్ (ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే లెక్క) చూస్తే ఆ రోజు పొద్దున్నుంచే లెక్క ఉంది. "పెద్దమ్మా, ఆరింటికి ఏం చేస్తారు?" అని అడిగాను. "ఏముందిరా, మోటారు వేస్తాను" అంది. బుధవారం కుళాయి నీళ్ళతో ట్యాంకు నిండిందట, మోటారు వేయలేదు.

బోరు మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా నడిచేటప్పటి కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. ఆ క్షణం ఇంట్లో వోల్టేజీ పడుతుంది. ట్యూబ్‌లైటు ఒక్కసారి మినుకుమంటుంది కదా, అదే. మంచి అడాప్టర్ ఆ క్షణాన్ని తట్టుకుంటుంది. వాళ్ళది పాతబడింది, రౌటర్ మార్చినప్పుడు కూడా అదే అడాప్టర్ వాడారు. కొత్తది, దాంతోపాటు మినీ యూపీఎస్ పెట్టాం. ఆ రోజు నుంచి క్లాసు తెగలేదు.

మీరూ పెట్టుకోండి. 64 బిట్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉన్న ఏ పాత ల్యాప్‌టాపైనా చాలు. స్క్రీన్ పగిలినా పర్వాలేదు. ఈ పనికి ల్యాప్‌టాప్ బాగా నప్పడానికి కారణం దాని బ్యాటరీ, కరెంటు పోయినా లెక్క రాస్తూనే ఉంటుంది. ఒక్కటి మాత్రం చూడండి: బ్యాటరీ ఉబ్బి కింది మూత పైకి లేచి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌ను రోజంతా ఛార్జింగ్‌లో ఉంచకండి, బ్యాటరీ తీయించేయండి.

డెబియన్ లినక్స్ వేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డెస్క్‌టాప్ వద్దని టిక్కు తీసి, ఎస్ఎస్‌హెచ్ సర్వర్ మాత్రం ఉంచితే తర్వాత మీ మామూలు కంప్యూటర్ నుంచే దాన్ని నడపొచ్చు. మూత మూస్తే నిద్రపోకుండా ఉండాలంటే ఈటీసీ ఫోల్డర్‌లో సిస్టమ్‌డీ లోపల లాగిన్‌డీ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ తెరిచి, హ్యాండిల్ లిడ్ స్విచ్ అనే లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసి, విలువ ఇగ్నోర్ అని పెట్టి రీస్టార్ట్ చేయండి. కేబుల్‌తోనే రౌటర్‌కు కలపండి. వైఫైతో కలిపితే వైఫై తప్పును కూడా నెట్ తప్పుగా రాస్తుంది. రౌటర్ డీహెచ్‌సీపీ పేజీలో ఈ ల్యాప్‌టాప్‌కు ఒక చిరునామా రిజర్వ్ చేయండి, లేకపోతే ఏదో ఒక రోజు దాన్నే వెతుక్కోవాలి.

కాపలాకు నేను వాడేది అప్‌టైమ్ కూమా అనే ప్రోగ్రామ్. ఉచితం, బ్రౌజర్‌లో చూసుకోవచ్చు. డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్ అనే విడి డబ్బాల్లో పెట్టి నడిపే సాధనం) ఇన్‌స్టాల్ చేసి, అప్‌టైమ్ కూమా ప్రాజెక్టు పేజీలో ఇచ్చిన ఒక్క లైను కాపీ చేసి నడిపితే చాలు. ఆ లైనులో డేటా ఫోల్డర్‌ను బయట ఉంచే భాగాన్ని మాత్రం తీసేయకండి, తీస్తే కంటైనర్ మార్చిన రోజున చరిత్రంతా పోతుంది. తర్వాత ల్యాప్‌టాప్ చిరునామాకు 3001 పోర్టు చేర్చి బ్రౌజర్‌లో తెరవండి.

అందులో నాలుగు మానిటర్లు పెట్టండి. ఒకటి రౌటర్‌కు పింగ్. రెండోది ట్రేసర్ట్‌లో రాసుకున్న రెండో వరస యంత్రానికి పింగ్ (అది జవాబివ్వని రకమైతే ఆ తర్వాతి వరస). మూడోది 1.1.1.1కు పింగ్. నాలుగోది డీఎన్ఎస్ రకం మానిటర్, అందులో రిజాల్వర్‌గా (పేరుకు అంకె చెప్పేదిగా) మీ రౌటర్ చిరునామా ఇవ్వండి. ప్రతి 20 సెకన్లకు ఒకసారి అడగమనండి. అంతకు మించిన వ్యవధి పెడితే చిన్న కోతలు జారిపోతాయి. టెలిగ్రామ్‌కు హెచ్చరిక పంపే ఏర్పాటు ఉంది కానీ నెట్ పోయినప్పుడు ఆ హెచ్చరిక కూడా బయటికి వెళ్ళదు, కాబట్టి చరిత్ర చదవడమే మన పని.

చదవడం ఇలా. నాలుగూ ఒకేసారి పోతే బాక్సు, దాని కరెంటు లేదా ల్యాప్‌టాప్ కేబుల్. రౌటర్ ఉండి మిగతా మూడూ పోతే ఫైబర్ లేదా లాగిన్, ఆ సమయానికి లాస్ లైటు చూడండి. మొదటి రెండూ ఉండి 1.1.1.1 పోతే తప్పు నెట్ ఇచ్చేవాళ్ళ అవతల, మీ ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. పింగ్‌లన్నీ ఉండి డీఎన్ఎస్ ఒక్కటే పోతే పైన చెప్పిన డీఎన్ఎస్ మార్పు చేయండి. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏదీ తెగకుండా రెండో మానిటర్ సమయం మాత్రం 5 నుంచి 80కి పెరుగుతుంటే, ఆ సమయంలో ఇంట్లో ఎవరైనా పెద్ద డౌన్‌లోడ్‌లు పెడుతున్నారేమో ముందు చూడండి. ఎవరూ లేకపోతే వీధి మొత్తం రద్దీ అది.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు

"నెట్ సరిగా రావట్లేదు" అని చెబితే అవతలివాళ్ళు "రీస్టార్ట్ చేయండి" అనే అంటారు, వాళ్ళ దగ్గర ఇంకే ఆధారమూ లేదు. ఇలా చెప్పి చూడండి: "ఆర్ఎక్స్ పవర్ పోయిన నెల మైనస్ 19 ఉండేది, ఇప్పుడు మైనస్ 27. నిన్న మధ్యాహ్నం 2:40 నుంచి 3:05 దాకా లాస్ ఎర్రగా ఉంది, ఫొటో ఉంది. కేబుల్‌తో చూశాను, వైఫై కాదు." ఇది విన్న టెక్నీషియన్ పవర్ మీటర్ తీసుకుని నేరుగా స్తంభం దగ్గరికి వెళ్తాడు, మీ ఇంటి హాల్లో అరగంట కూర్చోడు.

నెట్ బాగున్న ఈ రోజే ఒక తెల్లకాగితం తీసుకుని ఇవి రాయండి: గేట్‌వే చిరునామా, బాక్సు లాగిన్, ఇవాళ్టి ఆర్ఎక్స్ పవర్, తేదీ, ట్రేసర్ట్ రెండో వరస అంకె, వీలాన్ నంబరు, అడాప్టర్ వోల్టులు, కస్టమర్ ఐడీ. కనెక్షన్ పాస్‌వర్డ్ తెలిసి ఉంటే అదీ. మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బయటివాళ్ళకు కనబడకుండా బీరువా తలుపు లోపలి వైపు టేపుతో అంటించండి. నెట్ పోయిన రోజున ఫోన్‌లో దాచుకున్న నోట్సు కన్నా ఆ కాగితం ముందు దొరుకుతుంది.